పెరగని నడుముల ఊరు

అత్తకి,

నమస్కారాలు, కుశల ప్రశ్నలు, వాటికి నువ్వు చెప్పబోయే జవాబులు అన్నీ ఇక్కడే రాసేసినట్టు అనుకో. నాకు తొందర.

స్కూల్లో సైన్సు చెప్పే పని మానేసి ఇక్కడ డేటా ఎనలిటిక్స్ కోర్సులో చేరానని నాన్న నీకు చెప్పే ఉంటాడు. ఏ గొంతుతో చెప్పాడో కూడా నాకు తెలుసు. అంకెలు మూడో క్లాసులోనే వచ్చాయి కదా దీనికి, మళ్ళీ నేర్చుకోడానికి అంత దూరం వెళ్ళడమేమిటి అనుంటాడు. ఆరునెలల కోర్సులో నాలుగు నెలలు అయిపోయాయి. ఇంకో రెండు నెలల్లో ఉద్యోగం రాకపోతే తన స్నేహితుడి సిమెంటు గోడౌను ఆఫీసులో టైపు చెయ్యడానికి కూర్చోవాలని నాన్న తీర్మానం. గోడౌను వాసన ఒకసారి చూసి వచ్చాను. ఆ కుర్చీలో కూర్చుంటే నేను నెలరోజుల్లో గట్టిపడిపోతాను.

మా పనేమిటంటే, అంకెలు కుప్పగా పోసి ఉంటాయి. ఆ కుప్పలో ఎవరికీ కనబడని సంగతి ఏదో ఒకటి దాక్కుని ఉంటుంది. దాన్ని చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, గ్రాఫు గీసి, కోట్లు వేసుకున్నవాళ్ళకి చూపించాలి. కోర్సు ఆఖర్న కంపెనీలవాళ్ళు వస్తారు. ఒక్కొక్కరం ఒక్కో ప్రాజెక్టు చూపించాలి. మా క్లాసులో ముప్ఫైమందిమి. అందులో ఇరవైయారుగురు ఇంటర్నెట్లో ఊరికే దొరికే అవే పూల కొలతలు, అవే ఇళ్ళ ధరలు దించుకుని కూర్చున్నారు. పోయినేడాది వచ్చిన కంపెనీ ఆయన ఆరో పూలప్రాజెక్టు దగ్గర ఆవులించి, ఏడో దాని దగ్గర నిద్రపోయాడట. అందుకే మాస్టారు మరీమరీ చెబుతున్నారు, ఎవరూ చూడని డేటా తెమ్మని.

అలాంటిది నాకు తెలిసి ప్రపంచంలో ఒక్కచోటే ఉంది. నీ కుట్టుమిషను సొరుగులో. పన్నెండేళ్ళ కొలతల పుస్తకాలు, పదకొండు. ఛాతీ, భుజం, చెయ్యి, నడుము, పొడుగు, గుడ్డ రంగు, తారీఖుతో సహా. నువ్వు అంత పద్ధతిగా రాస్తావని నీకు తెలీదు కానీ, నువ్వు పుట్టు డేటా మనిషివి. ఆ పుస్తకాలు నాకు పంపు. జాగ్రత్తగా చూసుకుని తిరిగి ఇస్తాను. డేటా శుభ్రంగా ఉంటే మా పని సగం అయిపోయినట్టే, నీ చేతిరాత సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ భయం లేదు.

నీ మేనకోడలు,
చిటపట

తా.క.: ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాశానంటే, నీ షాపులో ఫోను గోడకి, బెంచీకి సరిగ్గా పైన ఉంటుంది. నేనేం మాట్లాడినా బెంచీ మీదున్న నలుగురూ తలలూపుతారు.

*

చిరంజీవి చిటపటకి,

అత్త దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మిషను బెల్టు తప్ప. నువ్వు ఒంటికి పట్టేలా తిను. పోయినసారి నీ కుర్తాకి రెండువైపులా కుట్టు లోపలికి పట్టాల్సొచ్చింది.

మా అన్నయ్య నువ్వు ఊహించినట్టే అన్నాడు. మూడో క్లాసు అనలేదు, రెండో క్లాసు అన్నాడు.

పుస్తకాలు పంపమన్నావు. నేను రెండురోజులు ఆలోచించాను. నీకది అంకెల కుప్ప. నాకవి మనుషుల నడుములు. డాక్టరు దగ్గర కూడా చెప్పని సంగతులు జనం టైలరు దగ్గర చెబుతారు, చెప్పకపోతే టేపు చెబుతుంది. ఎవరి నడుము ఎంతో ఊరు దాటి బయటికి పోతే రేపు నా గడప ఎవరు తొక్కుతారు? అయినా నిన్ను సిమెంటులో కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. అంచేత ఇలా చేశాను. ఒక్కో మనిషికి ఒక్కో నంబరు ఇచ్చి, అన్ని పుస్తకాల్లోనూ అదే నంబరు వేశాను. తరువాత పేర్లున్న చోటల్లా కత్తిరించేశాను. జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించాను, అంచులు పోగులు రాకుండా. ఇప్పుడు నలభైమూడో నంబరు ఎవరో నాకూ, నలభైమూడుకీ తప్ప ఎవరికీ తెలీదు. నలభైమూడుకి కూడా తెలీదనుకో, నేను చెప్పలేదు.

పార్శిలు అందగానే రాయి. ఉద్యోగం రావాలని నా కోరిక. నీకు కాదు, మీ నాన్న నోరు మూయించడానికి.

ఇట్లు,
మేనత్త

తా.క.: డేటా శుభ్రంగా ఉండాలన్నావని ప్రతి పేజీ ఇస్త్రీ చేశాను. ఏడో పుస్తకంలో రెండు పేజీలు కొంచెం మాడాయి. ఆ ఇద్దరూ మంచివాళ్ళే, ఏమీ అనుకోరు.

*

అత్తకి,

పార్శిలు అందింది. హాస్టల్లో అందరూ తినేదేదో వచ్చిందనుకుని గుమిగూడారు. విప్పితే పదకొండు పుస్తకాలూ గంజి పెట్టి మడిచిన చొక్కాల్లా ఉన్నాయి. ఇంత నలగని డేటా నా జీవితంలో చూడలేదని మాస్టారు అన్నారు.

ఒక్క చిక్కు. పేజీకి రెండో వైపు కూడా ఉంటుంది అత్తా. నువ్వు ఇటువైపు పేరు కత్తిరించిన చోటల్లా అటువైపు ఎవరిదో చెయ్యో భుజమో ఎగిరిపోయింది. నూటపన్నెండో నంబరుకి పన్నెండేళ్ళుగా ఎడం చెయ్యి లేదు. దీన్ని మేం ఖాళీలు అంటాం. కంగారుపడకు, ప్రతి డేటాలోనూ ఉంటాయి. ఖాళీ ఉన్నచోట మిగతా అందరి సగటు పెట్టి నింపుతాం. సగటంటే అందరి కొలతలూ కలిపి మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. ఉదాహరణకి నీ ఖాతాదారుల్లో మగవాళ్ళ సగటు భుజం పదిహేడున్నర, సగటు చెయ్యి ఇరవైమూడు, సగటు నడుము ముప్ఫైరెండు. వందలమంది బదులు ఆ ఒక్క మనిషిని చూస్తే చాలు, అందరినీ చూసినట్టే.

ఇక అసలు సంగతి. నాలుగురోజులు పట్టింది అన్నీ కంప్యూటరులోకి ఎక్కించడానికి. ఎక్కించాక గ్రాఫు గీశాను. గీసి కుర్చీలోంచి లేచి వరండాలో రెండుసార్లు అటూఇటూ తిరిగొచ్చాను. మీ ఊళ్ళో మనుషులు పన్నెండేళ్ళలో అందరిలాగే లావెక్కారు. ఛాతీలు పెరిగాయి, మెడలు పెరిగాయి, చేతులు మందమయ్యాయి. నడుములు మాత్రం పెరగలేదు. ఒక్క అరంగుళం కూడా. అరవైయ్యో నంబరు ఛాతీ ముప్ఫైయ్యారు నుంచి నలభైమూడు అంగుళాలకి వచ్చింది, నడుము మొదటిరోజు ముప్ఫైరెండు, ఆఖరిసారీ ముప్ఫైరెండే. నా గదిలో నర్సింగు చదివే అమ్మాయి ఉంది, అలాంటి మనిషి ఉంటే నిలబెడితే పడిపోతాడంది. నేను పట్టించుకోలేదు. చదువుకున్నవాళ్ళకి కొత్త సంగతి చెబితే అలాగే అంటారు.

అక్కడ నీళ్ళలో ఏముంది? మీరంతా ఏం తింటారు? మెట్లు ఎక్కువా? వివరంగా రాయి. ఈ ఒక్క సంగతితో నాకు ఉద్యోగం ఖాయం.

నీ మేనకోడలు,
చిటపట

తా.క.: కొందరి నంబరు పక్కన చుక్క, కొందరికి చిన్న త్రికోణం ఉన్నాయి. అవేమిటో చెప్పు. మా మాస్టారు వాటిని రక్తపోటు అనుకుంటున్నారు.

*

చిరంజీవి చిటపటకి,

దీవెనలు. ఈ ఉత్తరం కొంచెం కోపంగా ఉంటుంది, సర్దుకో.

సగటు సంగతి చదివాక నాకు బుర్రలో దీపం వెలిగినట్టయింది. ముప్ఫైయేళ్ళుగా ఒక్కొక్కరినీ నిలబెట్టి చేతులు ఎత్తించి కొలుస్తున్నాను, ఇంత తేలిక మార్గం ఉందని ఎవరూ చెప్పలేదు. సరిగ్గా అప్పుడే పోస్టాఫీసువాళ్ళ యూనిఫారాలు వచ్చాయి, పదకొండుమందివి. నువ్వే రాశావు కదా, ఆ ఒక్క మనిషిని చూస్తే అందరినీ చూసినట్టేనని. పదకొండు మడతలూ ఒకదానిమీద ఒకటి పరిచి, నువ్వు రాసిన సగటు వేసి, ఒకే కత్తెరకి కోసేశాను. గంటలో కోత అయిపోయింది. నీ చదువుకి దణ్ణం పెట్టుకున్నాను.

శనివారం అందరూ వచ్చి తొడుక్కున్నారు. ఒక్కరికీ సరిపోలేదు. పదకొండుమందిలో ఒక్కరికీ. పోస్టుమాస్టరుకి గుండీలు కలవలేదు, స్టాంపులమ్మే ఆయన చొక్కాలో ఇంకో మనిషికి చోటుంది. మన వీధికి ఉత్తరాలు తెచ్చేవాడు ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆ సగటు మనిషి ఎవరో ఎక్కడుంటాడో ఒకసారి పంపు, వాడొక్కడికే పదకొండు జతలు ఇచ్చేస్తాను. ఇప్పుడు పదకొండూ విప్పి మళ్ళీ కుడుతున్నాను.

చుక్క ఉంటే గొణిగే మనిషి అని. త్రికోణం ఉంటే వారంలో కావాలని చెప్పి మూడు నెలలకి వచ్చే మనిషి. రెండూ ఉన్నవాళ్ళు మనకి దగ్గరి చుట్టాలు.

నడుముల సంగతి అడిగావు. ఏముంది, ఇక్కడివాళ్ళు బాగా నడుస్తారు. దానిమీద మరీ ఎక్కువ రాయకు.

ఇట్లు,
మేనత్త

తా.క.: ఇకమీదట ఉత్తరాలు ఆలస్యంగా అందితే నన్ను అనకు. మనవాడికి రెండో చెయ్యి ఖాళీగా లేదు.

*

అత్తకి,

క్షమించు. సగటు మనిషి ఎక్కడా ఉండడని చెప్పడం మర్చిపోయాను. మా పుస్తకంలో కూడా అది పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోస్టుమాస్టరుగారికి నా తరఫున క్షమాపణ చెప్పు, చొక్కా విప్పాక చెప్పు.

ఇప్పుడు కూర్చుని చదువు. నీ నడుములు మా కోర్సులో మొదటి మూడు ప్రాజెక్టుల్లోకి ఎక్కాయి. కంపెనీలవాళ్ళు ముందే ఒకసారి చూసి పోవడానికి వచ్చారు. పూలప్రాజెక్టుల దగ్గర నడుచుకుంటూ వెళ్ళిపోయి నా గోడ దగ్గర ఆగారు. నేను పైన పెద్దక్షరాల్లో "పెరగని నడుముల ఊరు" అని పెట్టాను. ఛాతీ గీత పైకి పోతుంది, మెడ గీత పైకి పోతుంది, నడుము గీత మాత్రం ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంటుంది. ఒకావిడ, కళ్ళజోడు గొలుసుకి కట్టుకుని మెళ్ళో వేసుకుంది, ఆ చదును గీత ముందు చాలాసేపు నిలబడింది. వాళ్ళది ఇంటింటికీ మనుషుల్ని పంపి ఆరోగ్యం, ఆహారం, అలవాట్లు అడిగి రాసుకొచ్చే కంపెనీ. ఎక్కడ దొరికాయని అడిగింది. మా అత్త సొరుగులో అన్నాను. ఆమె నవ్వలేదు, రాసుకుంది.

వచ్చే సోమవారం ఆఖరి ఇంటర్వ్యూ. ఆ ఒక్క కంపెనీలోనే నలుగురిని తీసుకుంటారు. నా పేరు చెప్పేటప్పుడు మాస్టారి గొంతులో ఇదివరకు లేని గౌరవం వినబడింది. నువ్వు చెప్పినట్టు బాగా నడుస్తారని రాశాను, దాన్ని మాత్రం ఒక పేరా చేశాను. ఊరికి ఒక బృందాన్ని పంపి నడకలు కొలిపిస్తే బాగుంటుందని కూడా సలహా రాశాను.

నాన్నకి ఫోను చేసి చెప్పాను. నా నడుము కూడా అందులో ఉందా అని అడిగాడు.

నీ మేనకోడలు,
చిటపట

తా.క.: ఉంది. నలభైమూడు నాన్నే కదా? చుక్క, త్రికోణం రెండూ ఉన్నాయి.

*

చిటపటా,

దీవెనలు గట్రా తరువాత. ఈ ఉత్తరం సోమవారం లోపల నీకు అందాలని పోస్టాఫీసు లోపలికే వెళ్ళి ఇస్తున్నాను. చదివాక నన్ను తిట్టుకో, కానీ ముందు చదువు.

ఇక్కడెవరూ బాగా నడవరు. పక్కవీధికి కూడా బండి మీదే వెళతారు.

నేను నడుము కొలత ఎప్పుడూ నిజం రాయలేదు. షాపు చిన్నది, బెంచీ మీద ఎప్పుడూ నలుగురు కూర్చునుంటారు. మనిషిని నిలబెట్టి టేపు చుట్టి, కొలత పైకి చదువుతూ రాసుకోవడం నాకలవాటు. ఛాతీ పైకి చదివితే ఎవరికీ బాధ లేదు, పెద్దదైతే ఇంకా ఆనందం. నడుము దగ్గరకొచ్చేసరికి ప్రతి మనిషీ ఊపిరి బిగబడతాడు. నలుగురి ముందు ముప్ఫైయెనిమిది అంటే మొహం ఎలా పెట్టుకుని ఇంటికి వెళతాడు? అంచేత మొదటిసారి వచ్చినప్పుడు ఎంత తగ్గించి చదివానో ఎప్పుడొచ్చినా అదే చదువుతాను, అదే రాస్తాను. పన్నెండేళ్ళు అయినా అదే. మీ నాన్నకి పెళ్ళినాటి నడుమే ఇప్పటికీ నడుస్తోంది, అదీ అప్పుడే తగ్గించి చెప్పాను.

మరి బట్టలు ఎలా సరిపోతున్నాయని అడుగుతావు. కొలిచేటప్పుడే ఆ గుడ్డకి సరిపోయే రంగు దారం రీలులోంచి తీసి, అసలు నడుము పొడుగున తెంపి, గుడ్డకి గుండుసూదితో గుచ్చుతాను. కోసేటప్పుడు దారం చూస్తాను, పుస్తకం చూడను. కుట్టడం అయ్యాక దారం తీసి నేను కూర్చునే మెత్తలో కూరతాను. ముప్ఫైయేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా చెప్పకపోదును. కానీ ఊరికి మనుషుల్ని పంపి నడకలు కొలిపిస్తానని రాశావు. వాళ్ళు వచ్చి నడుములు కూడా కొలిస్తే?

నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. నువ్వంత సంతోషంగా రాసేసరికి నోరు రాలేదు. నాకున్న జబ్బే అది, ఎదుటిమనిషి మొహం చూసి అంకె మార్చేస్తాను.

ఇట్లు,
నీ ఉద్యోగం పోగొట్టిన మేనత్త

తా.క.: మీ నాన్నకి ఈ సంగతి చెప్పకు. ఆయన నీ ఉద్యోగం పోయినా తట్టుకుంటాడు, ఇది తట్టుకోలేడు.

*

అత్తకి,

నీ ఉత్తరం సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, నేను హాస్టలు గేటు దాటుతుంటే అందింది. బస్సులో నిలబడి చదివాను. చదివి దిగాల్సిన చోట దిగకుండా ఇంకో రెండు స్టాపులు వెళ్ళిపోయాను.

నడిచి వెనక్కి వస్తూ ఆలోచించాను. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నోరు మూసుకుని చదును గీత చూపించేస్తే ఉద్యోగం వచ్చేస్తుంది. తరువాత వాళ్ళ బృందం మీ ఊరు వచ్చి టేపులు తీస్తుంది, అది వేరే సంగతి, అప్పటికి నాకు కనీసం రెండు జీతాలు వచ్చుంటాయి. ఇలా అనుకుంటూనే ఆఫీసు మెట్లు ఎక్కాను. అనుకోవడానికి బానే ఉంది. కానీ నువ్వు ముప్ఫైయేళ్ళ తరువాత విప్పి చెప్పిన సంగతిని నేను పావుగంటలో మళ్ళీ మడిచి దాచేస్తే, ఇక నేను నేర్చుకున్నదేమిటి?

గదిలో ముగ్గురున్నారు. ఒకాయన సన్నగా, ఒకాయన నిద్రలో, మధ్యలో గొలుసు కళ్ళజోడావిడ. మొదలుపెట్టమన్నారు. నేను గ్రాఫు పెట్టి ఇలా అన్నాను. "ఇందులో నడుము గీత అబద్ధం. అబద్ధం చెప్పింది మా అత్త. మర్యాద కోసం చెప్పింది. నాకు ఈ పొద్దున్నే తెలిసింది."

సన్నటాయన కలం మూత పెట్టేశాడు. నిద్రలో ఉన్నాయన లేచాడు. నేను బెంచీ, టేపు, దారం, మెత్త అన్నీ చెప్పాను. సన్నటాయన, ఇన్నాళ్ళు అనుమానం రాలేదా అని అడిగాడు. నర్సింగు అమ్మాయికి వచ్చింది, నాకు రాలేదు అన్నాను. అదీ నిజమే కదా. కళ్ళజోడావిడ ఒక్కటే అడిగింది, ఎంత అబద్ధం అని. తెలీదన్నాను. పదిరోజుల్లో తెలుసుకుని రమ్మంది.

కాబట్టి ఆ మెత్త వెంటనే బస్సు పార్శిలులో పంపు. విప్పకు, ఉతకకు, ముఖ్యంగా ఇస్త్రీ చెయ్యకు.

నీ మేనకోడలు,
చిటపట

తా.క.: నువ్వు నా ఉద్యోగం పోగొట్టలేదు. ఇంకా పోలేదు. పోతే చెబుతాను, అప్పుడు తిట్టుకుంటాను.

*

చిరంజీవి చిటపటకి,

దీవెనలు. మెత్త పంపాను. ఇప్పుడు స్టూలు మీద నేరుగా కూర్చుంటున్నాను. రెండంగుళాలు కిందికి దిగేసరికి మిషను చక్రం గడ్డానికి తగులుతోంది.

ఇంతకీ నువ్వు అందరిముందు మా అత్త అబద్ధం చెప్పిందన్నావు. బాగుంది. మా పోస్టుమాస్టరు కూడా అంతమాట అనలేదు.

ఇట్లు,
మేనత్త

తా.క.: మెత్తలో నీవి కూడా ఉంటాయి. లేత ఆకుపచ్చ, నీ కాలేజీ చివరి ఏడాది. చూసి కంగారుపడకు, అప్పుడు పరీక్షలు కదా.

*

అత్తకి,

మెత్త విప్పాం. గదంతా దారాలు. నర్సింగు అమ్మాయి, ఇంకో ఇద్దరు, నేను, నలుగురం వారం రోజులు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్క దారం స్కేలు మీద పెట్టి కొలిచాం. వెయ్యీ ఎనిమిదివందల అరవై. నర్సింగు అమ్మాయి ప్రతి దారానికీ నా వైపు ఒకసారి చూసేది, ఏమీ అనేది కాదు. అనుంటే బాగుండేది.

నువ్వు గుడ్డ రంగు, తారీఖు పుస్తకంలో రాశావు, దారమూ అదే రంగు. తెలుపు, నలుపు కలిసిపోయాయి కానీ ఊదా, ముదురు ఎరుపు, ఆ ఆవాలరంగు లాంటివి ఎవరివో ఏ రోజువో పట్టేశాం. ఆరువందల పైచిలుకు జత కుదిరాయి. పుస్తకానికీ దారానికీ తేడా తీశాను. మొత్తం మీద నీ మర్యాద మూడుముప్పావు అంగుళాలు.

కానీ అసలు సంగతి అది కాదు. తారీఖుల ప్రకారం పెట్టి చూస్తే, ఆదివారం నువ్వు ఐదంగుళాలు తగ్గిస్తున్నావు. మంగళవారం రెండే తగ్గిస్తున్నావు. ఎందుకా అని బుర్ర గోక్కుని నాన్నని అడిగాను. ఆదివారం బెంచీ నిండి జనం బయట కూడా నిలబడతారనీ, మంగళవారం ఎవరూ రారనీ చెప్పాడు. మొదటిరోజు అంకె మారకుండా ఉంచుతున్నానని నువ్వు అనుకుంటున్నావు. కానీ కొత్తవాళ్ళు వచ్చినప్పుడు, వింటున్నవాళ్ళు ఎంతమందో దాన్నిబట్టి నీ అంకె తగ్గుతోంది. అది నీకు కూడా తెలీదు. నేను కనుక్కున్నాను.

నిన్న వెళ్ళి ఇదంతా చూపించాను. ఈసారి చదును గీత లేదు, "వినేవాళ్ళని బట్టి అంకె" అని పేరు పెట్టాను. నిద్రపోయే ఆయన చివరిదాకా మేలుకునే ఉన్నాడు. సన్నటాయన రెండు ప్రశ్నలడిగాడు, ఒకదానికి చెప్పగలిగాను. కళ్ళజోడావిడ ఏమీ అడగలేదు. నీ షాపు ఏ వీధిలో ఉందో మాత్రం అడిగి, మీకు కబురు చేస్తాం అంది. కబురు చేస్తాం అంటే రాలేదని అర్థమట, మా సీనియర్లు చెప్పారు. నలుగురిని ఇప్పటికే అనుకుని ఉంటారట.

వచ్చే వారంతో రెండు నెలలూ అయిపోతాయి. నాన్న ఫోను చేసి, గోడౌనాయన అడుగుతున్నాడు, ఏం చెప్పమంటావని అడిగాడు. తిట్టలేదు. మెల్లగా అడిగాడు. అదే నాకు బాధగా ఉంది.

నీ మేనకోడలు,
చిటపట

తా.క.: లేత ఆకుపచ్చ దారం దొరికింది. దాన్ని లెక్కలోంచి తీసేశాను. ఇది నేను చేసిన ఒకే ఒక్క తప్పు పని.

*

చిరంజీవి చిటపటకి,

అత్త దీవెనలు, ఈసారి ఎప్పటికన్నా కొంచెం ఎక్కువ. గోడౌనాయనకి ఏం చెప్పాలో నేను మీ నాన్నకి చెప్పాను, అది ఉత్తరంలో రాసే మాట కాదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. ఒకావిడ వచ్చి జాకెట్టు కుట్టాలంది. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది. నాకేం తట్టలేదు, గొలుసు కళ్ళజోళ్ళు ఊరినిండా ఉన్నాయి. నిలబెట్టి కొలిచాను. ఛాతీ చదివాను, భుజం చదివాను, నడుము దగ్గర టేపు చూసి ముప్ఫైయారు అని పైకి చదివి రాసుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి ఖాళీ బెంచీ వైపు చూసింది. "బెంచీ మీద ఎవరూ లేరు కదండీ. మంగళవారం రెండే తగ్గించాలి, మీరు నాలుగు తగ్గించారు" అంది.

చెప్పొద్దూ, ముప్ఫైయేళ్ళలో నన్ను పట్టుకున్న మొదటి మనిషి. రోజూ గుడ్డలు కొలిచే చీరల కొట్టావిడ కూడా పట్టుకోలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. మీరు కొత్తవారు, కొంచెం భయంగా కనబడ్డారు, అందుకని నాలుగు తగ్గించానని నిజం చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. వాళ్ళు ఇళ్ళకి పంపేవాళ్ళు ఫారం పట్టుకుని, పక్కింటివాళ్ళు గుమ్మంలో నిలబడి వింటుండగా, వయసెంత, ఏం తింటారు, ఎన్నిసార్లు కోప్పడతారు అని అడిగి రాసుకొస్తున్నారట. పదేళ్ళుగా అంతా బాగానే ఉందని అందరూ చెబుతుంటే వాళ్ళ గీతలన్నీ చదునుగా వస్తున్నాయట. ఎందుకో వాళ్ళకి అంతుబట్టలేదు, నీ దారాలు చూసేదాకా.

నేను సూటిగా అడిగాను, మా పిల్ల సంగతేమిటని. నువ్వు అబద్ధం గీతని అబద్ధమని చెప్పిన సోమవారమే నిన్ను తీసుకున్నారట. పదిరోజులు పని చెప్పింది ఊరికే, చేస్తావో లేదో చూడ్డానికి. కాగితం మీద నాలుగు సంతకాలు పడాలట, మూడు పడ్డాయి. నాలుగో ఆయన ఊళ్ళో లేడు. శుక్రవారం నీకు అందుతుంది. తెలీనట్టు ఉండు.

ఆవిడ అసలు వచ్చిన పని అది కాదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రెండు రోజులు మనుషుల దగ్గర అంకెలు ఎలా అడగాలో, వాళ్ళు ఎప్పుడు ఎంత తగ్గించి చెబుతారో నేర్పే మనిషి కావాలట. ఇంత చదువుకున్న కంపెనీలో ఆ పని తెలిసినవాళ్ళు లేరట. నెలకి రెండు రోజులు రమ్మంది. నిన్ను తీసుకున్నందుకు బదులుగా నేను ఒప్పుకున్నాననుకోకు. నీ సంగతి తేలాకే, వేరేగా ఆలోచించి, సరే అన్నాను.

పదిహేనో తారీఖు పొద్దున్న పదింటికి మీ నలుగురికీ నా మొదటి క్లాసు. ఒకళ్ళ నడుము ఒకళ్ళు కొలిచి, మిగతా ఇద్దరూ వింటుండగా పైకి చదవాలి. ఎవరి టేపు వాళ్ళే తెచ్చుకోవాలి. ఆలస్యంగా వస్తే ఊరుకోను. ఆఫీసులో నన్ను అత్తా అని పిలవకు, మిగతా ముగ్గురూ చిన్నబుచ్చుకుంటారు.

ఇట్లు,
మీ టీచరు

తా.క.: రెండోరోజు పరీక్ష కూడా పెడతాను, మార్కులు నేనే వేస్తాను. నీకు ఎన్ని వేస్తే అందులో మర్యాద ఎంతో నువ్వే తీసేసుకో.